అప్పిచ్చిన బ్యాంకును మన ఊరి నుంచి నిలదీయడం ఎట్లా?

రోడ్డు వెడల్పులో బాయి పోయింది. కాలువ పనిలో కట్ట పక్క ఇల్లు పోయింది. తహసీల్దారు దగ్గరికి పోతే ‘పైనుంచి వచ్చింది, నా చేతుల లేదు’ అంటాడు. కాంట్రాక్టర్ని అడిగితే ఆఫీసుకు పొమ్మంటాడు. ఆ పనికి పైసలు విదేశీ అప్పుగా వచ్చి ఉంటే మీరు అడగదగ్గ వాళ్లు ఇంకొకరు ఉన్నారు. వాళ్లే అప్పిచ్చినోళ్లు.

ప్రపంచ బ్యాంకు అన్న మాట మనకు నినాదాల్లోనే ఎక్కువ అలవాటు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పుల దాకా పోయిన కరెంటు చార్జీల ఉద్యమంలో ‘ప్రపంచ బ్యాంకు జీతగాళ్లు’ అన్న తిట్టు ఊరూరా వినిపించింది. తిట్టడం తేలిక, నేనూ తిట్టినవాణ్నే. కానీ అప్పిచ్చే ముందు ఆ బ్యాంకు కొన్ని నియమాలు రాసుకుంటుందనీ, అవి తప్పితే దాని మీదే ఫిర్యాదు తీసుకునే విభాగం దాని దగ్గరే ఉంటుందనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ విభాగం బ్యాంకు దయతో పుట్టింది కాదు. సర్దార్ సరోవర్ డ్యాముకు 1985లో 45 కోట్ల డాలర్ల అప్పు ఒప్పుకున్నారు. నర్మద లోయ జనం ఎదురుతిరిగారు. బ్యాంకు తానే వేసుకున్న మోర్స్ కమిటీ 1992లో పునరావాసం సరిగా లేదని తేల్చింది. 1993 మార్చిలో మిగిలిన అప్పు ఆగిపోయింది, అదే ఏడాది ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ ఏర్పాటైంది. అంటే మీరు వాడబోయే తలుపు నర్మద ఒడ్డున మునిగిన ఊళ్లు తెరిపించింది.

ముందు పైసలు ఎవరివో తేల్చుకోండి

సగం మంది ఇక్కడే పొరబడతారు. పని పెద్దదైతే చాలు, ప్రపంచ బ్యాంకు పైసలే అనుకుంటారు. కాళేశ్వరం చూడండి. మేడిగడ్డ మన భూపాలపల్లి జిల్లాలోనే ఉంది, కానీ దాని అప్పులు దేశంలోని బ్యాంకులు, పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్, ఆర్‌ఈసీ లాంటి సంస్థలవి. ముంపు బాధితులకు హైకోర్టు దారి ఉంది, 2013 భూసేకరణ చట్టం ఉంది, వాషింగ్టన్‌లోని ప్రపంచ బ్యాంకు తలుపు మాత్రం లేదు. ఇంకోపక్క, జనం రాష్ట్ర పథకమే అనుకున్న వాటి వెనక విదేశీ అప్పు ఉండొచ్చు. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ పనులకు 80, 90 దశకాల్లో ప్రపంచ బ్యాంకు పైసలు వచ్చాయి. 2002లో మొదలైన కమ్యూనిటీ అటవీ ప్రాజెక్టుకూ, 2007 నాటి చెరువుల యాజమాన్య ప్రాజెక్టుకూ అంతే. రామగుండం ఎన్టీపీసీ మొదటి దశకూ అదే అప్పు. ఇవన్నీ ఎప్పుడో ముగిసిన లెక్కలు, వాటి మీద ఇప్పుడు ఫిర్యాదు నడవదు. కానీ అప్పు మన ఊళ్లకు చప్పుడు లేకుండా వస్తుందని చెప్పడానికి ఇవి చాలు.

తేల్చుకునే తీరు ఇది. పని జరిగే చోట బోర్డు ఉంటుంది, ఫోటో తీయండి. కింద మూలకు చిన్న గుర్తులు ఉంటాయి, వాటిని దగ్గరగా తీయండి. టెండర్ ప్రకటనలో ‘ఫలానా బ్యాంకు రుణ సహాయంతో’ అన్న వాక్యం ఉందేమో చూడండి. ప్రపంచ బ్యాంకు, ఏషియన్ డెవలప్‌మెంట్ బ్యాంకు, బీజింగ్‌లోని ఏఐఐబీ (ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకు), ప్రపంచ బ్యాంకు గ్రూపులోనే ఉండి ప్రైవేటు కంపెనీలకు అప్పిచ్చే ఐఎఫ్‌సీ, ఇవన్నీ తమ ప్రాజెక్టుల జాబితాను వెబ్‌సైట్లలో పెడతాయి. దేశం పేరు, రాష్ట్రం పేరు కొట్టి వెతకండి. ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టుకు ‘పి’ అక్షరం తర్వాత ఆరంకెల నంబరు ఉంటుంది. అది దొరికిందంటే సగం పని అయినట్టే.

దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల ఆఫీసులో ఐదు రూపాయలు, జిల్లా ఆఫీసులో పది, గ్రామ పంచాయతీలో ఏమీ కట్టక్కరలేదు. తెల్ల రేషన్ కార్డు ఉన్నోళ్లు ఎక్కడా కట్టనవసరం లేదు. ‘ఈ పనికి పైసలు ఎక్కడివి’ అని అడగకండి, ‘రాష్ట్ర ప్రభుత్వానివి’ అని ఒక్క ముక్క రాసి పంపుతారు. అడిగేది ఇట్లా ఉండాలి: ఈ పనికి రుణ ఒప్పందం ఉంటే దాని నకలు, రుణం నంబరు, మంజూరైన తేదీ, ముగిసే తేదీ, పునరావాస ప్రణాళిక నకలు, బాధితుల జాబితా, ఫిర్యాదుల పరిష్కార కమిటీ సభ్యుల హోదాలు. ముప్పై రోజుల్లో జవాబు రాకుంటే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు పెట్టండి.

ఒక చిక్కు ఉంది. కొన్నిసార్లు అప్పు నేరుగా రాదు. ఐఎఫ్‌సీ ఒక ఫండుకో బ్యాంకుకో ఇస్తుంది, ఆ ఫండు కంపెనీకి ఇస్తుంది. ఒడిశాలోని ధెంకనాల్ జిల్లాలో జీఎంఆర్ కమలాంగ థర్మల్ ప్లాంటు మీద 2011లో ఊళ్లవాళ్లు ఫిర్యాదు చేసినప్పుడు దారి ఇదే: ఐఎఫ్‌సీ పైసలు ఇండియా ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఫండ్ మీదుగా ఆ ప్లాంటుకు వచ్చాయి. ఫిర్యాదు స్వీకరించారు. కంబోడియాలో మైక్రోఫైనాన్స్ అప్పుల్లో భూములు పోగొట్టుకున్నవాళ్ల తరఫున 2022లో వెళ్లిన ఫిర్యాదూ ఇలాంటిదే. 2010లో వరంగల్ పల్లెల్లో వారం వారం వసూళ్లు ఎట్లా నడిచాయో చూసినవాళ్లకు ఆ కథ కొత్తగా అనిపించదు. కాబట్టి కంపెనీ వార్షిక నివేదికలో వాటాదారుల పేర్లు, అప్పిచ్చినవాళ్ల పేర్లు తిరగేయండి. విసుగొచ్చే పని, ఊళ్లో బీకాం చదివిన పిల్ల ఉంటే ఆమెకు అప్పజెప్పండి.

ఏ తలుపు ఎవరిది

ప్రభుత్వానికి ప్రపంచ బ్యాంకు ఇచ్చిన అప్పైతే ఇన్‌స్పెక్షన్ ప్యానెల్. ఇద్దరు లేక అంతకంటే ఎక్కువ మంది బాధితులు కలిసి పెట్టాలి. ప్రైవేటు కంపెనీకి ఐఎఫ్‌సీ ఇచ్చినదైతే సీఏఓ అనే అంబుడ్స్‌మన్, 1999 నుంచి ఉంది, ఒక్క మనిషైనా పెట్టొచ్చు. ఏషియన్ డెవలప్‌మెంట్ బ్యాంకుదైతే మనీలాలోని అకౌంటబిలిటీ మెకానిజం, ఇద్దరు కావాలి. ఏఐఐబీకీ ఇలాంటి విభాగమే ఉంది, అక్కడా ఇద్దరు. జపాన్ ప్రభుత్వ సంస్థ జైకా ఇచ్చే అప్పులకు వేరే అభ్యంతరాల పద్ధతి ఉంది. సర్పంచ్ సంతకం, గ్రామసభ తీర్మానం లాంటివి వీళ్లెవరూ అడగరు. ఊరంతా ఏకమయ్యే దాకా ఆగితే ఊరు ఏకం కాదు. ఇద్దరు చాలు.

తెలుగులో రాయొచ్చా? ప్యానెల్, సీఏఓ ఏ భాషలో రాసినా తీసుకుంటాయి. మనీలాకు పంపేటప్పుడు మాత్రం ఇంగ్లిష్ అనువాదం జత చేయడం మేలు. అసలు ఉత్తరం మాత్రం తెలుగులోనే రాయండి. ఇంగ్లిష్‌లో ఎవరో రాసిచ్చిన దాని మీద సంతకం పెడితే రేపు ఫిర్యాదు విభాగం బృందం వచ్చి అడిగినప్పుడు మీ మాట ఒకటి, కాగితం ఇంకొకటి అవుతాయి.

గడువు

ఇక్కడ తప్పితే మిగతా కష్టమంతా మట్టిపాలు. ప్రపంచ బ్యాంకు అప్పు 2020 సెప్టెంబరు తర్వాత మంజూరైనదైతే ముగింపు తేదీ (బ్యాంకు ఆ అప్పు కింద పైసలు విడుదల చేయడం ఆపే తేదీ) దాటాక 15 నెలల దాకా ఫిర్యాదు చేయొచ్చు. అంతకు ముందుదైతే అప్పు ముగియకముందే, అదీ 95 శాతం పైసలు ఖర్చు కాకముందే పెట్టాలి. ఏషియన్ డెవలప్‌మెంట్ బ్యాంకుకు ముగింపు తేదీ నుంచి రెండేళ్లు. ఐఎఫ్‌సీ తన పెట్టుబడి తీసుకుని వెళ్లిపోతే, అరుదైన పరిస్థితుల్లోనే 15 నెలల వెసులుబాటు ఉంటుంది.

మా వైపు ఒక ఊళ్లో చెరువు అలుగు ఎత్తు మార్చారు. పై పొలాలు రెండేళ్లు మునిగాయి. ఊరు పేరు రాయను. ఆ జనం ఎమ్మెల్యే ఇంటి చుట్టూ తిరిగారు, ఆఫీసుల చుట్టూ తిరిగారు, అందరూ ‘చూద్దాం’ అన్నారు. కట్ట మీది బోర్డులో బ్యాంకు గుర్తు ఉందని గుర్తించేసరికి అప్పు ముగిసింది. నేను వాళ్లకు ఏమీ చేయలేకపోయాను. అప్పటి నుంచి ఎవరొచ్చినా మొట్టమొదట అడిగేది ఆ తేదీనే.

పట్టా లేనివాళ్లు చదవాల్సిన భాగం

ఫిర్యాదు బలం ‘అన్యాయం జరిగింది’ అన్న మాటలో ఉండదు, ‘మీరు రాసుకున్న ఈ నియమం ఇక్కడ తప్పింది’ అనడంలో ఉంటుంది. ప్రపంచ బ్యాంకుకు 2018 అక్టోబరు నుంచి పది పర్యావరణ, సామాజిక ప్రమాణాలు అమల్లో ఉన్నాయి. ఐఎఫ్‌సీకి 2012 నాటివి ఎనిమిది. అన్నీ చదవక్కరలేదు. రెండిట్లోనూ ఐదోది భూసేకరణ, ఏడోది ఆదివాసులు. ప్రపంచ బ్యాంకు పదో ప్రమాణం జనంతో సంప్రదింపుల గురించి.

మన తహసీలు ఆఫీసులో పట్టా లేకుంటే మనిషే లేనట్టు. ఈ ప్రమాణాల్లో అట్లా కాదు. వాటిలో మూడు రకాల జనం ఉంటారు. పట్టా ఉన్నవాళ్లు మొదటి రకం. పట్టా లేకున్నా దేశ చట్టం గుర్తించగల హక్కు ఉన్నవాళ్లు రెండో రకం. సాదా బైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం ఒప్పందం) మీద కొనుక్కుని ఇరవై ఏళ్లుగా దున్నుతున్న రైతు, 2005 డిసెంబరు 13కు ముందు నుంచి పోడు చేస్తూ అటవీ హక్కుల దరఖాస్తు పెట్టుకున్న ఉట్నూరు గోండు, తాడ్వాయి కోయ ఈ వరుసలోకి వస్తారని గట్టిగా వాదించవచ్చు. ఏ హక్కూ లేకుండా నివసిస్తున్నవాళ్లు మూడో రకం: చెరువు షికంలో, అంటే చెరువు లోపలి భూమిలో, గుడిసె వేసుకున్నవాళ్లు, రోడ్డు పక్క డబ్బా కొట్టు నడిపేవాళ్లు. వీళ్లకు భూమి ధర రాదు. కానీ ఇల్లు, చెట్లు, పంట లాంటివాటికి మళ్లీ కట్టుకోవడానికి, పెంచుకోవడానికి అయ్యే ఖర్చు లెక్కన పరిహారం, పునరావాసానికి సాయం రావాలి. షరతు ఒకటే, సర్వేకు పెట్టిన కటాఫ్ తేదీకి ముందు నుంచే అక్కడ ఉండాలి. ఆ తేదీ ఏదో, దాన్ని ఊళ్లో దండోరా వేసి చెప్పారో లేదో అడగండి. చాలా చోట్ల చెప్పరు. చెప్పకపోవడమే ఒక ఉల్లంఘన.

ఆదివాసీ గూడేల విషయంలో ఇంకో మెట్టు ఉంది. వాళ్ల భూమి మీద, అడవి మీద ప్రభావం పడితే ముందుగా, బలవంతం లేకుండా, విషయం పూర్తిగా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని రెండు సంస్థల ఏడో ప్రమాణాలూ అంటాయి. గ్రామసభ రిజిస్టర్‌లో సంతకాలు చూపిస్తారు. ఆ సభ ఏ భాషలో జరిగింది, తేదీ ఏది, ఎవరు వచ్చారు, భోజనాల కోసం తీసుకున్న సంతకాలా, ఇవన్నీ రాసిపెట్టండి.

రుజువులు

ఐదేళ్ల కిందటి ఫోటో ఈరోజు తీసిన పది ఫోటోల కంటే విలువైనది. పెళ్లి ఆల్బంలో వెనక కనిపించే ఇల్లు, బతుకమ్మ ఫోటోలో కనిపించే చెరువు కట్ట, కరెంటు బిల్లు, ఉపాధి హామీ జాబ్‌కార్డు, పాత పహాణీ. పహాణీ నకళ్లలో అనుభవదారు కాలమ్ ఉన్న పాతవి తీసుకోండి, ధరణి వచ్చాక ఆ కాలమ్ పోయింది. కౌలు రైతులైతే పత్తి అమ్మిన రశీదులు, ఎరువుల దుకాణం ఖాతా పుస్తకం కూడా పనికొస్తాయి.

నష్టాన్ని గుంటల్లో, క్వింటాళ్లలో, బిందెల్లో చెప్పండి. ‘మా బతుకు ఆగమైంది’ అన్నది నిజమే, కానీ ‘ఎకరం ఇరవై గుంటల తరి మునిగింది, రెండు వానకాలాలు నాట్లు పడలేదు, తాగునీళ్లకు ఆడవాళ్లు కిలోమీటరు నడుస్తున్నారు’ అంటే ఎక్కడో కూర్చున్న మనిషికి కూడా పొలం కనబడుతుంది. ఆడవాళ్ల మాట విడిగా వినండి. బాయి పోతే మగవాడు మోటరు గురించి చెబుతాడు, ఆమె నీళ్ల గురించి, గేదె గురించి, రాత్రిపూట బయటికి పోవడం గురించి చెబుతుంది.

ముందు వాళ్లనే అడిగినట్టు చూపండి

నేరుగా ప్యానెల్‌కు పోతే మొదట వచ్చే ప్రశ్న, ‘బ్యాంకు వాళ్లకు చెప్పారా?’ కాబట్టి సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు అర్జీ ఇచ్చి రశీదు నంబరు తీసుకోండి. ప్రాజెక్టు ఫిర్యాదుల కమిటీకి ఒకటి, ఢిల్లీలోని బ్యాంకు ఆఫీసుకు ఒకటి స్పీడ్ పోస్టులో పంపండి. ప్రపంచ బ్యాంకుకు 2015 నుంచి గ్రీవెన్స్ రిడ్రెస్ సర్వీస్ అని ఉంది, ఒక్కరు పెట్టినా తీసుకుంటుంది. అది బ్యాంకు యాజమాన్యం కిందిదే, స్వతంత్రమైంది కాదు. పని జరిగితే మంచిదే, జరగకపోతే మీరు అడిగినట్టు సాక్ష్యం మిగులుతుంది. సీఏఓకు ఈ మెట్టు తప్పనిసరి కాదు. కోర్టు కేసులన్నీ తేలే దాకా ఆగమని ప్యానెల్ గానీ సీఏఓ గానీ అడగవు.

ఉత్తరం

రెండు మూడు పేజీలు చాలు. ఇట్లా మొదలుపెట్టొచ్చు:

‘మేము హనుమకొండ జిల్లా, ఫలానా మండలం, ఫలానా ఊరి వాళ్లం. మీ బ్యాంకు అప్పుతో జరుగుతున్న ఫలానా రోడ్డు పని (నంబరు ఇది) వల్ల మా పదకొండు కుటుంబాలకు నష్టం జరిగింది, ఇంకా జరగబోతోంది. 2024 జూన్‌లో మా ఇండ్ల ముందు కాలువ తవ్వారు. వాన నీళ్లు ఇండ్లల్లోకి వస్తున్నాయి. ఏడు కుటుంబాలకు పట్టా లేదని పరిహారం ఇవ్వలేదు. భూసేకరణ మీద మీరు రాసుకున్న ఐదో ప్రమాణం ప్రకారం మాకు రావాల్సింది రాలేదని మేము నమ్ముతున్నాము. ఫలానా తేదీల్లో ఫలానా ఆఫీసులకు అర్జీలు ఇచ్చాము, నకళ్లు జత చేశాము. జవాబు రాలేదు. మా పేర్లు బయట పెట్టవద్దని కోరుతున్నాము.’

ఇందులో తిట్లు లేవు, రాజకీయ పార్టీల పేర్లు లేవు, లంచం ఎవరు తిన్నారో లేదు. అవినీతి మీద వేరే విభాగం ఉంటుంది, దాన్ని ఇందులో కలపకండి. నియమం నంబరు తెలియకపోయినా ఉత్తరం చెల్లుతుంది, జరిగింది చెబితే ఏ నియమం తప్పిందో వాళ్లే వెతుక్కుంటారు. వేరే ఎవరైనా మీ తరఫున పంపితే మీరు సంతకం చేసిన అధికారపత్రం జత చేయాలి.

పేర్ల గుట్టు

పేరు లేని ఉత్తరం ఎవరూ తీసుకోరు. పేరు ఇచ్చి గుట్టుగా ఉంచమంటే ఉంచుతారు. అయితే పదిళ్ల వాడలో బాయి పోయింది ఎవరిదో అందరికీ తెలుసు, ఫోటో చూస్తే కాంట్రాక్టర్ గుర్తుపడతాడు. అందుకే ఎవరు ముందుకు రావాలో ముందే మాట్లాడుకోండి. ఉపాధి హామీ మేటు, అంగన్‌వాడీ ఆయా, రేషన్ డీలర్, ప్రభుత్వం మీద ఆధారపడిన ఇలాంటివాళ్లను ముందు నిలబెట్టకండి. బెదిరింపు వస్తే తేదీ, సమయం, అన్న మాట అదే రోజు రాసి ఫిర్యాదు విభాగానికి పంపండి. ఊరి వాట్సాప్ గ్రూపులో మాత్రం ఏమీ పెట్టకండి. అక్కడ పెట్టింది సాయంత్రానికి కాంట్రాక్టర్ ఫోన్లో ఉంటుంది.

మాట్లాడుకుందామా, విచారణా?

కొన్నాళ్లకు ఈ ప్రశ్న వస్తుంది. మధ్యవర్తిని పెట్టి మాట్లాడుకోవడం ఒక దారి, బ్యాంకు తన నియమం తప్పిందా అని విచారించడం ఇంకో దారి. రోడ్డు కింద మోరీ పెట్టించడం, పరిహారం జాబితాలో పేరు చేర్పించడం లాంటివైతే మాట్లాడుకోవడం మంచిది, తొందరగా చేతికి వస్తుంది. ప్రాజెక్టు రూపమే తప్పు అనుకుంటే విచారణే. ప్రపంచ బ్యాంకులో 2020 నుంచి పద్ధతి ఇట్లా ఉంది: విచారణకు బ్యాంకు డైరెక్టర్ల బోర్డు ఒప్పుకున్నాక, రెండు పక్షాలూ సరేనంటే ఏడాది పాటు మాటలు, కుదరకపోతే విచారణ. సీఏఓలో అర్హత తేల్చడానికి 15 పనిదినాలు, ఊరికి వచ్చి పరిస్థితి చూడటానికి 90. కాగితం మీద నెలలు, అనుభవంలో ఏళ్లు. ఇది ముందే ఊళ్లో చెప్పండి, లేకుంటే ఆర్నెల్లకు మిమ్మల్నే అనుమానిస్తారు.

ఏం దొరుకుతుందో కూడా ఉన్నదున్నట్టు చెప్పండి. ఈ విభాగాలు పరిహారం ఇవ్వమని హుకుం జారీ చేయలేవు. తప్పు జరిగిందని రాస్తాయి, సరిదిద్దే ప్రణాళిక బ్యాంకు చేస్తుంది, దాన్ని అమలు చేసేది మళ్లీ మన ప్రభుత్వమే. అయినా పని జరిగిన సందర్భాలున్నాయి. ముంబయి రవాణా ప్రాజెక్టులో ఇళ్లు, దుకాణాలు పోయినవాళ్ల ఫిర్యాదుల మీద ప్యానెల్ విచారణ జరిగాక, 2006 మార్చిలో బ్యాంకు ఆ ప్రాజెక్టులో రోడ్డు, పునరావాస భాగాలకు పైసలు ఆపేసింది. అటు అమరావతిలో 2017లో రైతులు ప్యానెల్‌కు వెళ్లారు. ఆ వ్యవహారం తేలకుండానే 2019 జులైలో కేంద్రం 30 కోట్ల డాలర్ల అప్పు దరఖాస్తును వెనక్కి తీసుకుంది. బ్యాంకు వెళ్లిపోయింది, ఆ అప్పు పేరుతో అడగడానికి ఎవరూ మిగల్లేదు. 2024 డిసెంబరులో 80 కోట్ల డాలర్లతో మళ్లీ వచ్చింది. అప్పు ఆగడం వేరు, మీ నష్టం తీరడం వేరు. ఏది కావాలో ఉత్తరంలోనే రాయండి.

గుజరాత్‌లో ముంద్రా మత్స్యకారులు ఇంకా దూరం పోయారు. టాటా థర్మల్ ప్లాంటుకు ఐఎఫ్‌సీ 2008లో 45 కోట్ల డాలర్ల అప్పిచ్చింది. వాళ్లు 2011లో సీఏఓకు వెళ్లారు, లోపాలున్నాయని తేలినా సరిదిద్దడం కనబడలేదు. 2015లో అమెరికా కోర్టులో కేసు వేశారు. ఇలాంటి సంస్థలకు కోర్టు కేసుల నుంచి సంపూర్ణ రక్షణ లేదని 2019 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు 7-1తో తీర్పిచ్చింది. ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. వివాదానికి మూలమైన పనులు అమెరికాలో జరగలేదంటూ కింది కోర్టులు కేసు కొట్టేశాయి, 2022లో సుప్రీంకోర్టు మళ్లీ వినడానికి ఒప్పుకోలేదు. మన దగ్గర ఐఎఫ్‌సీకి 1958 చట్టం, ఏషియన్ డెవలప్‌మెంట్ బ్యాంకుకు 1966 చట్టం రక్షణ ఇస్తున్నాయి. కాబట్టి కోర్టులో బ్యాంకును కాకుండా ప్రాజెక్టు చేస్తున్న శాఖనో కంపెనీనో పట్టుకోండి. పర్యావరణ అనుమతి మీద అప్పీలుకు చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్‌లో ముప్పై రోజులే గడువు. వకీలు ఖర్చు భరించలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి.

బృందం వచ్చిన రోజు

ఫిర్యాదు విభాగం వాళ్లు వస్తున్నారని, పని చేయిస్తున్న శాఖకు ముందే తెలుస్తుంది. ఊరి మోరీలు తీస్తారు, బోర్డులు తుడుస్తారు, ఎప్పుడూ రాని ఇంజినీరు చాయ్ తాగించడానికి వస్తాడు. మీరు మాత్రం వాళ్లను అధికారులు లేకుండా విడిగా కలవాలని అడగండి, అది వాళ్ల పద్ధతిలోనే ఉంది. కోయ, గోండి మాట్లాడేవాళ్లు ఉంటే ఆ భాష తెలిసిన దుబాసీ కావాలని వారం ముందే రాయండి, శాఖ ఉద్యోగిని దుబాసీగా ఒప్పుకోకండి. సభ పెట్టొద్దు. పొలం గట్టు మీదికి, కూలిన గోడ దగ్గరికి, నీళ్లు నిలిచిన వాకిట్లోకి తీసుకుపోండి. ఎవరి ఇంట్లో ఏం పోయిందో ఆ ఇంటివాళ్లే చెప్పాలి, నాయకుడు అందరి తరఫున చెప్పొద్దు. తెలియని దాన్ని తెలియదనండి.

నివేదిక వచ్చాక అందులో మీ ఊరికి సంబంధించిన పేజీలను తెలుగులో ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. సరిదిద్దే ప్రణాళికలో ప్రతి పనికీ ఎదురుగా తేదీ ఉందా చూడండి. ఉంటే ఆ తేదీలను చార్టు మీద పెద్దక్షరాల్లో రాసి పంచాయతీ గోడకు అంటించండి. తేదీ దాటిన పనికి మరుసటి రోజే ఒక కార్డు ముక్క రాసి పడేయండి, నకలు దాచుకోండి.